సుజాతది గుండెపోటు కాదు

నిన్న ఉదయం చీర ఇస్త్రీ చేసుకుంటుంటే మా చిన్నప్పటి క్లాస్‌మేట్ ఫోన్ చేసింది.

"రాణీ, సుజాత లేదే. పొద్దున లేపితే లేవలేదంట."

ఇస్త్రీ పెట్టె చీర మీదే వదిలేశాను. కాలిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.

మధ్యాహ్నానికి వాళ్ళ అన్నయ్య ప్రభాకర్ గారి స్టేటస్ వచ్చింది. సుజాత ఫోటో, చుట్టూ తెల్ల గులాబీలు, కింద ఇంగ్లీషులో నాలుగు లైన్లు. గుండెపోటట. దేవుడు తనకు నచ్చిన పువ్వును కోసుకున్నాడట.

చూసి ఒళ్ళు మండింది.

దేవుడి మీదికి నెట్టకండి సార్.

సుజాతకి పదకొండో ఏట నుంచి ఫిట్స్. మూర్ఛ. ఆ మాట మీ ఇంట్లో ఎవరూ పైకి అనరు కాబట్టి నేను రాస్తున్నాను. దానికి చివరి స్నానం చేయించింది నేను. నాలుక మీద పంటిగాట్లు, ఫిట్స్ వచ్చినప్పుడు పడేవే, నా కళ్ళతో చూశాను. మీరూ చూశారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సుజాత భవానీపురంలో ఒక ప్రైవేట్ స్కూల్లో తెలుగు టీచర్. చల్లపల్లిలో ఆరో తరగతి నుంచి మేమిద్దరం ఒకే బెంచీ. తెలుగు మీడియం.

ప్రతి జూన్‌లో, కొత్త క్లాసుకి మొదటి రోజు పాఠం చెప్పేది కాదు. "నాకు ఫిట్స్ వస్తాయిరా. పడిపోతే పక్కకి తిప్పండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టొద్దు. ఏడవొద్దు" అని చెప్పేది.

ఒకసారి బోర్డు దగ్గరే పడిపోయింది. పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేశారు. తల కింద స్కూల్ బ్యాగ్ పెట్టారు. లేచి కూర్చుని, చాలాసేపు అటూ ఇటూ చూసి, "ఎంతవరకు చెప్పానర్రా?" అని అడిగిందట.

అరవై మంది పిల్లల ముందు అది దాచని విషయాన్ని, వాళ్ళన్నయ్య ఊరందరి దగ్గరా దాచాడు.

పోయినేడాది మందులు పనిచేయడం మానేశాయి. వారానికి రెండు మూడుసార్లు వచ్చేవి. డాక్టర్ గారు సర్జరీ మాటెత్తారు. ఫిట్స్ మొదలయ్యే చోటు మెదడులో ఎడమవైపు దొరికింది, తీసేయొచ్చేమో, కానీ మాటకు సంబంధించిన భాగం ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు అన్నారు. అది ఎక్కడుందో ముందు చూడాలి. దానికి ఫంక్షనల్ ఎంఆర్ఐ అని ఒక స్కాన్ ఉంది. మెషిన్‌లో పడుకోబెట్టి మాటలు తలుచుకోమంటారు. అప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో చూస్తారు.

సుజాత అడిగింది ఒకటే. "డాక్టర్ గారూ, నా తెలుగు పోదు కదండీ?"

"అది తేల్చుకోడానికే కదమ్మా ఈ స్కాన్" అన్నారాయన.

స్కాన్ రోజు ఒకమ్మాయి ఫారం తెచ్చింది. "ఇంట్లో ఏ భాష మాట్లాడతారండీ? టెస్ట్ ఆ భాషలోనే పెడతాం" అంది.

ప్రభాకర్ గారికి బెంజ్ సర్కిల్ దగ్గర స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కోటు వేసుకున్న ఆయన ఫోటో మీలో చాలామంది దాని బ్యానర్ మీద చూసే ఉంటారు. సుజాత నోరు తెరిచేలోపే పెన్ను తీసుకున్నాడు.

"ఇంగ్లీష్. మా ఫ్యామిలీ మొత్తం ఇంగ్లీషేనండీ."

ఏ ఫ్యామిలీ సార్? మీ అమ్మగారు పోయేదాకా పెరట్లో కోళ్ళని ఏ భాషలో తిట్టారు?

సుజాత ఆయన వంక చూసింది. తల దించుకుని లోపలికి వెళ్ళింది.

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "ఒక అక్షరం చూపించి, దాంతో మొదలయ్యే మాటలు మనసులో అనుకోమన్నారే. 'బి' అంట. బాల్, బ్యాట్, బుక్... ఇంకేమీ తట్టలా. తెలుగైతే వరసగా వచ్చేస్తన్నాయి. బచ్చలికూర, బిందె, బొంగరం... తప్పేమోనని ఆపుకున్నా."

దాని తెలుగు ఎక్కడుందో వెతకడానికి పెట్టిన టెస్టులో, కాపీ కొడుతున్నట్టు భయపడి తెలుగును ఆపుకుంది. నలభై నిమిషాలు.

రిపోర్ట్ సరిగ్గా రాలేదు. దీన్ని నమ్ముకుని ఆపరేషన్ చేయలేం, మళ్ళీ చేద్దాం రండి అన్నారు. మళ్ళీ వెళ్తే ఫారంలో అబద్ధం రాశానని ఒప్పుకోవాలి. అందుకని ఈయన అందరికీ ఒకటే చెప్పాడు, "సర్జరీ కుదరదన్నారు" అని.

కుదరదని ఎవరూ అనలేదు.

సర్జరీ అయితే బతికేదా? నాకు తెలియదు. చేసేవారో లేదో కూడా తెలియదు. తేల్చుకునే అవకాశం మాత్రం దానికి లేకుండా చేశారు.

చేశాము.

తొమ్మిదేళ్ళుగా ఆ ఇన్‌స్టిట్యూట్ ఫ్రంట్ డెస్క్‌లో కూర్చునేది నేనే. ఆ రోజు దాని హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆయన ఏం రాస్తున్నాడో చూశాను. ఉద్యోగం గుర్తొచ్చి నోరు మెదపలేదు.

తర్వాత రెండుసార్లు అడిగింది. "మనిద్దరం వెళ్దామే. నాకు తెలుగేనని చెప్పేద్దాం." కొత్త బ్యాచ్ అడ్మిషన్లు అవనీ అన్నాను. నన్నూ తిట్టండి.

ఇవాళ పొద్దున ప్రభాకర్ గారు ఫోన్ చేశారు. "సాయంత్రం సమాధి దగ్గర రెండు మాటలు మాట్లాడండి రాణి గారూ. మన స్టూడెంట్స్, పేరెంట్స్ వస్తున్నారు, ఇంగ్లీషులో అయితే బావుంటుంది. హెల్త్ విషయాలేం వద్దు."

మాట్లాడతాను సార్. తెలుగులోనే. ఫిట్స్ దగ్గర మొదలుపెట్టి ఫారం దాకా చెబుతాను. నా ఐడీ కార్డు మీ టేబుల్ మీద పెట్టి వచ్చాను, వెతుక్కోకండి.

సుజాతా, నీ తరఫున ఈ మాట చెప్పడానికి నువ్వు పోయేదాకా ఆగాను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

ఇక ఏ భయమూ లేకుండా నిద్రపోవే.