చివరి వరుసల్లో ఉన్న మనిషి

ఆ రోజుల్లో వరంగల్‌లో కంప్యూటర్‌కు ఏసీ గది, మాకు వరండా. ఎనభైల మధ్యలో నేను కొత్తగా చేరిన ఆఫీసులో, జిల్లాలోని చేనేత కుటుంబాల పెద్దల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. అదెంత పెద్దదంటే, ఒక్క పేరు కోసం మొదటి నుంచి వెతకమంటే మిషను రెండు గంటలు గురక పెట్టేది. (తోడుగా మేమూ పెట్టేవాళ్లం.) పేర్లు అక్షరాల వరుసలోనే ఉన్నాయి కదా అని నేనో ప్రోగ్రాం రాశాను. ఫైలును నడిమధ్యలో తెరవాలి, మనకు కావలసిన పేరు అటుందో ఇటుందో చూసి అక్కరలేని సగాన్ని వదిలెయ్యాలి, మిగిలినదాన్ని మళ్లీ సగం చెయ్యాలి. రెండు గంటల పని రెప్పపాటులోకి వచ్చింది. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు. (అన్నీ సగం చేసేవాడి తెలివి కూడా సగమేనని అప్పటికి తెలియదు.)

అప్పుడొచ్చింది హసన్‌పర్తి నుంచి ఒక మగ్గం అవ్వ. పెనిమిటి పోయి ఏడాది. ఇంటి జాగకు దరఖాస్తు పెట్టాలంటే లిస్టులో ఆయన నంబరు కావాలి. గడువు ఆ సాయంత్రమే. పేరు కొట్టాను. లేదంది మిషను.

"ఉన్నడు బిడ్డా, జర మంచిగ చూడు."

"మిషన్ తప్పు చెప్పదవ్వా."

"గంత జల్ది చూస్తే ఎట్ల కనవడ్తడు? నెమ్మదిగ చూడు."

నేను నవ్వాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సెలవు నుంచి వచ్చాడు మా లిస్టు పెద్దాయన. పేర్లన్నీ టైపు చేసేది ఆయనే. సంగతి విని తల పట్టుకున్నాడు. "పోయినోళ్లను బతికున్నోళ్ల నడుమ ఎట్ల ఉంచుతం తమ్మీ? అరిష్టం గాదా? తీసి అందరి కింద రాస్తున్న." అట్లా వరుస తప్పి అడుగున పడ్డవాళ్ల వైపు నా ప్రోగ్రాం తొంగి కూడా చూడదు. చివరి నుంచి చూస్తే తొమ్మిదో పేరు అవ్వ పెనిమిటిదే.

ఆయన నంబరు రాసిన కాగితం పట్టుకుని సైకిల్ మీద హసన్‌పర్తి పోయాను. గడువు అప్పటికే దాటింది, దాని సంగతి ఆమె అడగనూ లేదు. "ఉన్నడు గద?" అంది. "లేడంటివి. గిన్నేండ్లు నేసినోడు ఏడవోయిండో అనుకున్న." కాగితాన్ని మడిచి మగ్గం కర్రల సందులో దోపింది. ఆ జాగ ఆమెకు రానేలేదు. నేను రాసిన అర్జీలు ఏ ఫైలు అడుగున చేరాయో, వాటికి జవాబూ రాలేదు.

ఇప్పుడు నా ముందున్న కంప్యూటర్ ఎంత పెద్ద ఫైలునైనా చిటికెలో వెతికి, ఏదో ఒక పేరు లేదంటుంది. నేను కళ్లజోడు తుడుచుకుని, అడుగు నుంచి పైకి ఒక్కో వరుసా చదువుకుంటూ పోతాను. "గంత సేపా?" అని మా ఇంటామె దెప్పుతుంది.

"నెమ్మదిగ చూస్తున్న" అంటాను.