మంచు మీద గంగన్న మంకీ క్యాప్

బహ్రెయిన్‌లో నేను కారు నడిపే ఇంటి యజమాని, మా కఫీల్, ఈ రోజు ఔత్సాహికుల జాతీయ ఐస్ హాకీ ఫైనల్ ఆడాడు. చూడ్డానికి నాతో పాటు రూమ్మేట్ గంగన్న కూడా వచ్చాడు. మేముండే జింజ్‌లో కారెక్కేటప్పుడే అతను మంకీ క్యాప్ తొడుక్కున్నాడు. బయట ఎండ మండిపోతోంది, నేను పడీ పడీ నవ్వాను. తీరా ఐస్ రింక్ లోపల కూర్చున్నాక పళ్లు టకటకలాడింది నాకే.

ఒక్కడే మూడు గోల్స్ కొడితే జనం తమ టోపీలు మంచు మీదికి విసరడం ఈ ఆటలో ఆనవాయితీ అట. మా కఫీల్ మూడోది కొట్టగానే టోపీలన్నీ గాల్లోకి లేచాయి. ఆ ఊపులో గంగన్న కూడా విసిరేసి, తర్వాత తల తడుముకున్నాడు. అది ఊళ్లో ఉన్న వాళ్లావిడ, మా వదిన, అల్లి పంపిన క్యాప్.

చివరికి కఫీల్ హెల్మెట్ తీసి, మంచు మీద దొరికిన ఆ మంకీ క్యాప్ తొడుక్కునే కప్పు ఎత్తాడు.

"అన్నా, వాపస్ అడుగుదామా?" అన్నాను.

"వద్దు తియ్, గెలిచినోని తల మీదికెళ్లి గుంజుకుంటమా? ఫోటో మాత్రం మంచిగ తియ్యి. లేకుంటే టోపీ ఏడ వోయిందో చెప్తె మా ఆమె నమ్మది."

ఫోటో వెళ్లింది. వదిన ఇంకొకటి మొదలుపెట్టిందట. ఊరి నుంచి బహ్రెయిన్‌కు ఎవరైనా వస్తుంటే చెప్పండి. రెండు తెమ్మనాలి, నవ్విన పాపానికి నాకూ ఒకటి కావాలి.