చిన్నతాత చెప్పిన సముద్రపు హోటలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సముద్రాన్ని చూసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన మా చిన్నతాత, అంటే మా తాతకు సొంత తమ్ముడు. మాది కొమరోలు పక్కన ఒక మెట్ట పల్లె. గొర్రెలు, జొన్న, కొర్ర, వానొస్తే ఆముదాలు. వాన రాని ఏడు అవీ ఉండవు. మా జేజి, మా అమ్మ తెల్లవారకముందే కడవలు పట్టుకుని దూరంగా ఉన్న దిగుడుబావికి నడిచేవాళ్ళు. అలాంటి ఊళ్ళో కూర్చుని, కంటికి ఆనినంత మేరా నీళ్ళే ఉంటాయని చెప్పే మనిషిని నమ్మడం ఎవరికైనా కష్టమే. నేను మాత్రం నమ్మాను.

చిన్నతాత పద్దెనిమిదేళ్ళ వయసులో ఊరు వదిలిపోయాడట. ఆ ఏడు కరువుకు మందలో సగం చచ్చింది, మిగిలిన సగాన్ని ఎవరికో ఇచ్చేశారు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఆయన లేడు. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఎక్కడున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. దొరలు దేశం వదిలిపోయిన కొన్నేళ్ళకు తిరిగొచ్చాడు. అప్పటికే తల నెరిసింది. పెళ్ళి లేదు. చేతిలో ఒక రేకుపెట్టె, అందులో ఒక తెల్ల చొక్కా. దొడ్డి పక్కన కొట్టంలో ఉంటూ మళ్ళీ గొర్రెలు కాయడం మొదలుపెట్టాడు. నేను పుట్టి బుద్ధెరిగేనాటికి ఆయన పేరు ఊళ్ళో అందరూ మరిచిపోయారు. చిన్నా పెద్దా ఆయన్ని సముద్రం తాత అనే పిలిచేవాళ్ళు.

గొర్రెలు దొడ్డికి చేరాక, పొద్దు గూకేలోపు మా అరుగు మీద ఆయన చుట్టూ పదిమంది చేరేవాళ్ళు. వాల్తేరు దిక్కున, ఇసుక తిన్నెల మీద కట్టిన ఒక పెద్ద హోటలు గురించి చెప్పేవాడు. హోటలంటే మాకు తెలిసింది గిద్దలూరు బస్టాండులో టీ కాచే పాక. ఆయన చెప్పేది వేరు. వేసవి రాగానే మైదానాల ఎండ తట్టుకోలేక దొరలు, దొరసానులు, జమీందార్లు రైళ్ళలో దిగేవారట. ప్రతి గది కిటికీ సముద్రానికే తెరుచుకునేదట. నాట్యమాడే గదిలో కొయ్య నేలను ఎంతగా నునుపు చేసేవారంటే, పైన వేలాడే దీపాలు కింద కూడా వెలిగేవట. భోజనం బల్లల మీద తెల్ల గుడ్డలను కొంగల్లాగా మడిచి నిలబెట్టేవారట. ఒక జమీందారు పాల కోసం తన సొంత ఆవును రైల్లో వెంట తెచ్చుకునేవాడట. అన్నింటికంటే మాచేత నోరు తెరిపించింది ఐసుగడ్డ కథ. రంపపు పొట్టులో చుట్టి తెచ్చిన మంచమంత ఐసుగడ్డను వడ్డన గదిలో నిలబెట్టి, దాని చుట్టూ పండ్లు పేర్చేవారట. మే నెల వేడికి నాలుకలు పిడచకట్టి కూర్చున్న మాకు ఆ మాట వింటేనే ఒళ్ళు చల్లబడేది.

ఆ హోటల్లో ఆయన ఏం చేసేవాడని అడిగినవాళ్ళు లేరు. తెల్ల చొక్కా ఉంది కాబట్టి వడ్డించేవాడని అందరం అనుకున్నాం. ఆయన కాదనలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా పెద్దమ్మ కూతురి పెళ్ళయింది. ఆ కొత్త అల్లుడు లారీ డ్రైవరు, లోకం చూసినవాడు. మూడో రోజు విందులో, బంధువులంతా పంక్తిలో కూర్చున్నప్పుడు ఎవరో చిన్నతాతను కదిలించి ఐసుగడ్డ కథ చెప్పమన్నారు. ఆయన మొదలుపెట్టాడు. అల్లుడు సగం విని నవ్వాడు.

"ఏంది తాతా నువ్వు చెప్పేది? ఆ ఊరికి నేను నాలుగు తూర్లు లోడు ఏసుకపోయినా. ఆడ హోటలూ లేదు, గీటలూ లేదు. అడిగితే మాకు తెలవదన్నారు."

పంక్తి పంక్తంతా నవ్వింది. ఎవరో "ఇన్నేండ్లూ మనకు ఉత్త కోతలు కోసినాడబ్బా" అన్నారు. చిన్నతాత విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు ఆయనకెంత తగిలిందో నాకు తెలియదు కానీ నాకు మాత్రం బాగా తగిలింది. ఎందుకంటే ఆ కథలన్నీ బడిలో నావిగా చెప్పుకున్నదాన్ని నేను. మర్నాడు పిల్లలు నన్ను కూడా కోతలదాన్ని అన్నారు. నేను ఏడుస్తూ గొర్రెల దగ్గరికి పోయి ఆయన ముందు నిలబడ్డాను.

"నిజమైతే నాకు చూపీ" అన్నాను.

ఆయన "ఇప్పుడు ఎట్లుందో ఏమో తల్లీ" అన్నాడు. నేను వినలేదు. తినడం మానేశాను. రెండు రోజుల తర్వాత తనదని చెప్పుకునే ఒకే ఒక్క పొట్టేలును తీసుకుని సంతకు పోయి, ఒట్టి పగ్గంతో తిరిగొచ్చాడు. మా నాయనతో "పిల్లకు సముద్రం చూపిచ్చుకొస్తా" అన్నాడు.

గిద్దలూరులో రైలెక్కాం. మార్కాపురం, దొనకొండ, వినుకొండ దాటుతుంటే కిటికీ బయట బీళ్ళు పోయి పచ్చదనం రావడం నాకు గుర్తుంది. బెజవాడలో బండి మారాం. దారి పొడుగునా నేనే మాట్లాడాను. నాట్యం గదిలో నడవనిస్తారా, ఐసుగడ్డను ముట్టుకోనిస్తారా అని అడుగుతూనే ఉన్నాను. ఆయన "చూద్దాం" అంటూ వచ్చాడు. మర్నాడు పొద్దున వాల్తేరులో దిగి, ఒక బావి దగ్గర మొహం కడుక్కుని, పెట్టెలోని తెల్ల చొక్కా తీసి తొడుక్కున్నాడు. అది ఆయనకు వదులైంది.

సముద్రాన్ని ముందు విన్నాను, తర్వాత చూశాను. ఆ విషయంలో ఆయన ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. కానీ నేను దాని వైపు సరిగా చూడనేలేదు, నా కళ్ళు హోటలు కోసం వెతుకుతున్నాయి. ఇసుకలో చాలా దూరం నడిచాక ఆయన ఆగిపోయాడు.

ఎదురుగా పైకప్పు లేని గోడలున్నాయి. కలప కోసం తలుపులు, కిటికీలు, దూలాలు అన్నీ ఎవరో ఎప్పుడో ఊడబెరుక్కుపోయారు. మెట్ల వరస ఒకటి పైకి పోయి, పైన ఏమీ లేక ఆగిపోయింది. వరండాలోకి మోకాటి ఎత్తున ఇసుక చేరింది. ఆ ఇసుక మీద ఒక ముసలామె చేపలు ఎండబెడుతోంది. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఒక్కసారిగా లేచి వచ్చింది.

"ఓలమ్మో! నువ్వు కావిడి నీల్ల సీమోడివి కాదేటి? ఇంకా బతికే ఉన్నావా?"

ఆమె ఆ హోటల్లో బట్టలుతికేదట. ఆయన్ని చూసిన సంతోషంలో ఆమెకు నోరు ఆగలేదు. నేను మనవరాలినని తెలిసి, హోటలు చూపించడానికి తెచ్చాడని విని పకపకా నవ్వింది. ఆ నవ్వులో కల్మషం లేదు.

"నువ్వేటి సూపిస్తావయ్యా? నువ్వూ నానూ ఏనాడైనా ఎనక గుమ్మం దాటి ఎల్లినామేటి? మొకం సూపిస్తే మేనేజరు కర్ర తీసీవోడు కాదూ!"

ఆమె చేపల దగ్గరికి వెళ్ళిపోయాక నేను ఆయన వైపు తిరిగాను. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు.

"ఆయమ్మ చెప్పింది నిజమే తల్లీ. నేను నీళ్లు మోసేటోన్ని. బాయికాడ నుంచి ఎనక మెట్ల దాకా. ఆడ దించితే లోపలోళ్లు ఎత్తుకపోతారు."

"మరి ఐసుగడ్డ? దీపాలు?"

"అన్నీ ఉన్న్యాయి. వడ్డించే పెద్దాయన ఒకడుండె. పని అయినాక బాయికాడికొచ్చి చుట్ట తాగుతా, ఆ పొద్దు లోపల ఏం జరిగిందో చెప్తా ఉండె. నేను వింటా ఉంటి. ఈ చొక్కా ఆయనదే. పోయేటప్పుడు నాకిచ్చినాడు." ఇంకా మెల్లగా అన్నాడు. "మనూళ్లో ఆడోళ్లంతా నీళ్లు మోస్తారు. ఊరిడిచి ఇరవై ఏండ్లు పోయి నేను చేసింది గూడా అదేనని ఏ మొగంతో చెప్పేది?"

అప్పుడాయన నా చెయ్యి పట్టుకుని "పా, ముందు వాకిలి నుంచే పోదాం" అన్నాడు. గుమ్మం ఉన్న చోటికి రాగానే కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నాడు. ఎవరైనా వస్తున్నారేమోనన్నట్టు వెనక్కి ఒకసారి చూశాడు. అప్పుడు లోపలికి అడుగుపెట్టాడు. ఆకాశమే పైకప్పుగా ఉన్న గదుల్లో తిరిగాం. "ఇదే భోజనాల గది" అని ఒకచోట ఆగాడు. పక్క గదిలోకి పోయి "కాదు, ఇదయి ఉంటాది" అన్నాడు. నాట్యం గది ఏదో ఎంత వెతికినా గుర్తుపట్టలేకపోయాడు. ఇరవై ఏళ్ళు రోజూ చూసిన భవనంలో ఆయన దారి తప్పిన మనిషిలా తిరిగాడు.

వెనక వైపుకు పోయాక మాత్రం తడబాటు పోయింది. ఎక్కడ ఏ రాయి ఉందో ఆయన కాళ్ళకు తెలుసు. బావి ఉంది. సముద్రానికి అంత దగ్గరలో ఉన్నా ఆ నీళ్ళు తియ్యగా ఉండేవట. గట్టు రాయి మీద చేంతాడు ఒరిసి ఒరిసి వేలు పట్టేంత లోతున గాళ్ళు పడి ఉన్నాయి. ఆయన ఆ గాళ్ళలో ఒకదాంట్లో చూపుడు వేలు పెట్టి నన్ను దగ్గరికి పిలిచాడు. ఆయన మొహంలో ఆ రోజంతటిలో మొదటిసారి ఏదో వెలుగు కనిపించింది. చెప్పడానికి నోరు తెరిచాడు.

నేను చెప్పనివ్వలేదు. "నీ నీళ్ల బాయి చూపిచ్చేదానికా ఇంత దూరం తెచ్చినావు?" అన్నాను.

ఆయన వేలు తీసేశాడు. తిరుగు ప్రయాణంలో కొనిచ్చిన ఏ వస్తువునూ నేను ముట్టుకోలేదు.

ఊరికొచ్చిన సాయంత్రం అరుగు నిండిపోయింది. లారీ అల్లుడు కూడా ఉన్నాడు. "ఏం పాపా, చూసినావా హోటలు?" అని అడిగారు. అంతమందిని చూసేసరికి నాకు కోపం కంటే భయం ఎక్కువైంది. "చూసినా. తాత చెప్పినట్లే ఉంది. దీపాలున్నాయి" అన్నాను.

"వద్దమ్మా" అన్నాడు చిన్నతాత. నా తల మీద చెయ్యి వేసి, అందరి వైపూ చూసి, వానా ఎండా గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. "హోటలు ఉండె. ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు గూడా నేను లోపలికి పోలేదు. నీళ్లు మోసినా. చెప్పినవన్నీ ఒకాయన చూసి చెప్తే విన్నవి. పిల్లతో నా కోసరం అబద్ధం చెప్పియ్యొద్దండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఆ మర్నాడు అరుగు మీదికి ఎవరూ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. గొర్రెలు దొడ్డికి చేరేవి, ఆయన కొట్టంలోకి పోయి పడుకునేవాడు. ఒకరోజు నాకే దిగులేసి, ఐసుగడ్డ కథ చెప్పమని అడిగాను. "అది నాది గాదు గదమ్మా" అన్నాడు. నీది చెప్పమని అడగాలని నాకు తోచలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు తోచదు. మరుసటి ఏడు తొలకరి పడకముందే, మూడు రోజుల జ్వరంతో పోయాడు.

నేను పెళ్ళయి మార్కాపురం వచ్చాను. ఇక్కడ ముసలివాళ్ళు కూర్చున్న ప్రతి చోటా, ఈ ఊరు బడిపిల్లల రాతిపలకలు చేసి బతికిన కాలం గురించే మాట. లారీల కొద్దీ పలకలు దేశమంతా పోయాయని, ప్రతి వీధిలో రాయి కోసే చప్పుడేనని, యజమానుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఎలా జరిగాయో చెబుతూ ఉంటారు. కుర్రవాళ్ళు చాటున నవ్వుకుంటారు. నేను నవ్వను, అది నిజమేనా అని కూడా అడగను. పక్కన కూర్చుని, "అప్పుడు నువ్వేం పని చేస్తాంటివి అన్నా?" అని మాత్రం అడుగుతాను. చాలామంది మొదట మాట దాటేస్తారు. నేను తొందరపెట్టను. చివరికి ఎవరో ఒకరు రాతి దుమ్ముకు పాడైన ఊపిరి గురించో, రాయి కోసే రంపం తగిలి తెగిపోయిన వేలు గురించో చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు వాళ్ళ గొంతు మారిపోతుంది, అది పూర్తయ్యేదాకా నేను లేవను.

ఆ రోజు ఆ బావి గట్టు మీద నేను నోరు మూసుకుని నిలబడి ఉంటే, మా చిన్నతాత తన ఇరవై ఏళ్ళ కథ చెప్పి ఉండేవాడు. అది తెలిసిన మనిషి ఇప్పుడు ఈ లోకంలో ఎక్కడా లేడు.