ఉమ్ అల్ క్వైన్‌లో చేసిన జపాన్ స్టేషన్

దుబాయ్‌లో ఒక పెద్ద మాల్‌లో జపాన్ నూడుల్స్ హోటల్ పెడుతున్నారు. లోపలంతా జపాన్‌లో ఏదో ఊరి శివారు రైల్వే స్టేషన్‌లా ఉండాలట. చెక్క కప్పు, గుండ్రటి గడియారం, చిన్న ప్లాట్‌ఫారం, ఒక బెంచీ. రైలొక్కటే ఉండదు. ఉమ్ అల్ క్వైన్‌లోని మా వర్క్‌షాప్‌లో దాన్ని ముక్కలుగా చేసి, లారీలో తెచ్చి బిగించాం. కరోనా తగ్గి మాల్స్ మళ్లీ నిండుతున్న రోజులవి.

నేను వడ్రంగిని. ఏడో తరగతిలోనే బడికి ఖలాస్ చెప్పాను, బడి కూడా పెద్దగా బాధపడలేదు. రంగులు వేసేది నెల్లూరు భాయ్. మా చేత కొత్త బెంచీ చేయించి, నలభై ఏళ్లు జనం కూర్చున్నట్టు అరగదీయమన్నారు.

"మా జగిత్యాల బస్టాండ్ల బెంచీ పీక్కొస్తే అయిపోవు గద భాయ్!"

"పాన్ మరకలు కూడా ఫ్రీగా వచ్చుండేవి అబ్బయ్యా."

ఆ నలభై ఏళ్ల ప్రయాణికులం మేమిద్దరమే. సాండ్ పేపర్‌తో రుద్దీ రుద్దీ అరగదీశాం. కూర్చోవడం మాత్రం కుదరదు. సైటు పెద్ద, మా ముదీర్, బెంచీకి ప్లాస్టిక్ చుట్టించేశాడు.

ఫోటో ఇంటికి పంపితే నా భార్య వెంటనే ఫోన్ చేసింది.

"మంచిగున్నది. గిండ్ల నువ్వేడున్నవ్?"

"నేనే చేసిన గదనే."

"నువ్వు చేసినయి నా ఫోన్ల మస్తున్నయ్. ఒక్కదాంట్ల నువ్వు లేవు. బాపును అండ్లకు పోనియ్యరా అని బిడ్డ అడుగుతున్నది."

బిడ్డ అడిగింది నిజమే. పని జరిగినన్నాళ్లూ దుమ్ములో ఉంటాం, అయిపోగానే వెనక తలుపు చూపిస్తారు.

అప్పగింత రోజు పొద్దున ప్లాస్టిక్ తీశారు. "యల్లా, సామాన్ ఉఠావో, పీఛే సే నికలో! మాలిక్ ఆ రహా హై," అంటూ, హోటల్ యజమాని వచ్చేలోగా ముదీర్ మమ్మల్ని వెనక తలుపు వైపు తరుముతున్నాడు. నేను పనిముట్ల సంచి కింద పెట్టి బెంచీ మీద కూర్చున్నాను. కాలు మీద కాలు వేసుకుని మరీ.

"క్యా కర్తా హై?"

"రైలు కోసం చూస్తున్న సాబ్," అని హిందీలో చెప్పాను.

భాయ్ కిసుక్కుమన్నాడు. ముదీర్ నవ్వలేదు. లేవకపోతే ఇక మాల్ పనులు ఖలాస్, వర్క్‌షాపే గతి అన్నాడు. మాల్ అంటే ఏసీ. వర్క్‌షాప్ అంటే ఎండాకాలంలో రేకుల కప్పు. ఆ సంగతి ఆయన కంటే నా వీపుకే బాగా తెలుసు. అయినా లేవలేదు. ఫోన్ భాయ్ చేతికిచ్చాను.

"గడియారం కూడా రావాలె భాయ్."

"ముందు నోరు మూసుకో అబ్బయ్యా, పళ్లు తప్ప ఏం కనబడ్డంలా."

తీశాడు. తర్వాత ఫోన్‌ను ఎదుటి స్తంభానికి ఆనించి, తనూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండో ఫోటో అదే. సంచులు భుజాన వేసుకుని ముందు తలుపులోంచే బయటికి నడిచాం.

అప్పట్నుంచి ఇద్దరం రేకుల కిందే ఉన్నాం. ముదీర్ కనబడినప్పుడల్లా ఎగతాళిగా, "ట్రైన్ ఆయా?" అంటాడు.

"లేట్ హై సాబ్," అంటాను. "ఇంకో బెంచీ చేయించండి, కూర్చుని చూస్తా."