అల్యూమినియం పడవకు పడ్డ చిల్లు

గ్రీజు డబ్బా మూత తీయగానే వచ్చిన వాసన నన్ను నలభై ఏళ్ళు వెనక్కి ఈడ్చుకుపోయింది. జువ్వలదిన్నెలో మా మేనత్త ఇంటి పెరట్లో, రేకుల పంచ కింద, మా పాళెం ఖాళీ అయ్యాక చేరిన నాయన పాత అల్యూమినియం మోటారు పడవ తన రెండు చక్రాల ట్రైలరు మీదే ఏళ్ళ తరబడి పడి ఉంది. దాన్ని పట్నానికి లాక్కుపోవాలంటే ముందు చక్రాలు తిరగాలి. అందుకని వాటిని ఊడదీసి, తుప్పు పట్టిన బేరింగులు తీసి పారేసి, కొత్తవాటికి గ్రీజు పెడుతున్నాను. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుతో దాన్ని కోస్తున్నట్టు నొక్కుతూ పోతే అది లోపలికి ఎక్కి అవతలి వైపు పైకి తేలుతుంది. ఈ పని నాకు ఎనిమిదో ఏట నాయన నేర్పాడు. చేతులు మరిచిపోలేదు. మరిచిపోవాలని చూసింది మనసు; దానికీ చేతకాలేదు.

ఉప్పుటేరుకూ సముద్రానికీ నడుమ సన్నటి ఇసుకతిన్నె మీద నలభై గడపల పాళెం మాది. నాయన అక్కడి ఒంటి బడికి అయ్యవారు. ఎండాకాలం పొద్దున్నే నాయన తల్లి, మా అవ్వ, సరుగుడు పుల్లలతో పొయ్యి రాజేస్తే నిప్పుల మీద కాలే నెత్తళ్ళ చేపల వాసన పాళెం చివరి దాకా పోయేది; వాటిని సద్దన్నంలోకి నంజుకుని, తోపు అవతల ఇసుక తోడితే ఊరే చెలమ నీళ్ళు దోసిళ్ళతో తాగి, పీతల బొరియల్లో పుల్లలు దూర్చి, అవి బయటికొస్తే కేకలేస్తూ పరుగెత్తి, ఆల్చిప్పలతో అచ్చనగాయలాడి, తెప్పలు ఒడ్డుకు చేరే వేళకు ఎవరి బుట్టలో ఏమి పడిందో చూడ్డానికి పిల్లలందరం నీళ్ళలోకి దిగేవాళ్ళం. జాతరనాడు పొంగళ్ళ ఆవిరీ, వేటకూరలో మసాలా ఘాటూ, పసుపు నీళ్ళ తడీ కలిసి ఆ ఇసుకకే ఒక వాసన పట్టేది. వానకారులో ఈదురుగాలి పట్టుకుంటే మాత్రం ఏరు ఉబ్బి, అవతలి ఒడ్డు కనబడకుండా పోయి, పాళెం వారం పదిరోజులు లోకంతో తెగిపోయేది. ఆ రోజుల్ని చాలామంది కవిత్వంగా రాస్తారు. నేను రాయలేను. అలాంటి కారులోనే మా అమ్మ రెండో కాన్పు నొప్పులతో రెండు రోజులు యాతనపడి, ఆ ఏట్లో తెప్ప దించే ధైర్యం ఎవరికీ లేక, కడుపులో బిడ్డతో సహా పోయింది. నాకప్పుడు ఆరేళ్ళు. అమ్మోరు తీసుకుపోయిందన్నారు పాళెమంతా. నాయన ఒక్కడే, "పడవ లేక పోయింది" అన్నాడు. అంతకంటే నిజమైన మాట అక్కడ ఎవరూ అనలేదని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ తరవాత రెండేళ్ళకు, వరద పనులకు వాడి వాడి పక్కన పడేసిన ఈ పడవను నాయన ఎక్కడో వేలంలో పట్టుకున్నాడు. ట్రైలరును ఎడ్ల చేత ఏటి దాకా లాగించి, రెండు తెప్పలు జతకట్టించి ఇవతలికి దాటించాడు. ఒళ్ళంతా సొట్టలు, వదులైన రివెట్లు, తాడు లాగితే దగ్గి ఆగిపోయే మోటారు. పాళెంలో ఎవరు ఏమి తెచ్చినా ముందు నోరు విప్పేది తెప్పల పోలయ్య.

"ఇదేంది అయ్యవారూ, సిలవరు దబరాకు చక్రాలు పెట్టి తెచ్చినారే! ఇందులో పులుసు కాస్తారా, ఏరు దాటతారా?"

"రెండూ చేస్తాలే. పులుసులోకి చేపలు నువ్వు తే" అన్నాడు నాయన. అమ్మ పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఏడాది పాటు మా పెరడే కార్ఖానా. ఇసుక మూట అవతల ఆనించి, చెక్క సుత్తితో సొట్టలు తీసేవాడు. వదులైన ప్రతి రివెట్టుకూ నేను లోపల ఇనుప దిమ్మె అదిమి పట్టుకుంటే ఆయన బయటినుంచి కొట్టేవాడు; ఆ దెబ్బలు నా మోచేతుల దాకా పాకి పళ్ళు జివ్వుమనేవి. ఆ తరవాత పడవ నిండా నీళ్ళు పోయించి నన్ను కిందకు దూరమన్నాడు. పైన చెరువును మోస్తున్న ఆ అల్యూమినియం కడుపు కింద వెల్లకిలా పడుకుని, ఎక్కడ చెమ్మ పుడితే అక్కడ బడి సుద్దముక్కతో గుండ్రంగా గీయడం నా పని. ఆ నీళ్ళు మోసింది అవ్వ. చెలమలో గంటసేపు ఊరితే ఒక్క బిందె నిండే మంచినీళ్ళు.

"మనుషులు తాగే నీళ్ళురా అయి. ఈ దబరాకు పోసేదానికా నా నడుం ఇరిగేది?" అనేది నాయనతో. అంటూనే ఇంకో బిందెకు బయలుదేరేది.

పడవతో పాటు దారంతో కట్టిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. నాయన దాన్ని వాక్యం వాక్యం చదివేవాడు. ఒకనాడు మోటారు దిమ్మకు ఎవరో ఎప్పుడో బిగించిన ఇత్తడి బోల్టు కనబడితే విప్పి ఏట్లోకి విసిరేశాడు. ఎందుకు నాయనా అన్నాను. "అది దీనికి పడదు" అన్నాడు. అంతే. దిగినప్పుడల్లా పడవనూ ట్రైలరునూ మంచినీళ్ళతో కడగాలి, ఒడ్డునున్నప్పుడు అడుగు బిరడా తీసి ఉంచాలి, నెలకోసారి బేరింగుల గ్రీజు చూడాలి. అవ్వ శనివారాల ఉపవాసం కంటే నిష్ఠగా నడిచాయి ఈ నియమాలు. తేడా ఒకటే: ప్రతి నియమానికీ ఒక కారణం ఉంది. ఆ కారణం నాయన తలలో ఉంది.

మా పాళెంలో కొత్త తెప్ప నీళ్ళకు దిగేముందు ఇంటి పెద్ద ఆడమనిషి రాగి కాణీని పసుపుగుడ్డలో చుట్టి, అందరూ చూస్తుండగా, దాని ముక్కుకు కడుతుంది. చెక్క తెప్ప కాబట్టి ఎన్నేళ్ళున్నా దానికేమీ కాదు. మా పడవ దిగేనాటికి అవ్వ ముందురోజే గుడ్డ పసుపులో తడిపి ఆరేసి సిద్ధంగా ఉంది. పోలయ్యా, మరో పదిమందీ ఉన్నారు. నాయన నవ్వాడు. "ఏరు దాటించేది మోటారు. నీ కాణీ కాదు. అంత శక్తే ఉంటే నా భార్య పొయ్యిన రోజు యాడికి పొయ్యింది?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. అవ్వ కొంగులో కాణీ ముడేసుకుని లోపలికి పోయింది. నేనూ నవ్వాను. నాయన పక్షాన నిలబడి నవ్వడం అప్పటికే నాకు గొప్పగా ఉండేది.

సాయంత్రం నాయన కిరసనాయిలుకు పోయినప్పుడు అవ్వ పడవలోకి వంగి, పాత బడిబల్లలు కోసి పరిచిన పలకల్లో ముందుదాన్ని ఎత్తి, పసుపు మూటను దాని కిందకు తోయడం చూశాను. కాసేపట్లో నాయన వచ్చి ఆ పలకకు మరలు బిగించాడు. మరలు ఒక్కొక్కటే అందించింది నేను. చెబితే మళ్ళీ నవ్వుతాడని, మళ్ళీ అవ్వ మొహం చిన్నబోతుందని, చెప్పలేదు.

ఆ ఎండాకాలం పడవ గుర్రంలా నడిచింది. పాము కరిచినవాణ్ణీ, జ్వరం పడ్డ పసిపిల్లనూ అవతలికి చేర్చింది. దబరా అన్నవాళ్ళే చేతులు జోడించారు. నాయన అన్నీ కడిగాడు, అన్నీ తుడిచాడు. పలకలు మాత్రం విప్పలేదు, బిగించింది తానే కదా అని. జువ్వలదిన్నెలో ఇచ్చిన మా అత్తకు ఏడో నెల నిండింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని అవ్వ పట్టు. వానకారు వస్తోంది, అక్కడే ఉంచుదామా అని ఒక్క క్షణం తటపటాయించి, "పడవుండగా భయమేంది" అని నాయనే తీసుకొచ్చాడు. ఆ పడవే లేకపోతే అత్త ఆస్పత్రి ఉన్న ఒడ్డునే ఉండేది.

వానకారు నడుమ ఒకనాటి మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ఏరు ఎర్రగా ఉరుకుతోంది. అత్తను పలకల మీద పడుకోబెట్టారు, తల అవ్వ ఒళ్ళో. నాయన తాడు లాగాడు, మోటారు మొదటి గుంజుకే అందుకుంది. పోలయ్య ముందు కూర్చున్నాడు. నేను ఒడ్డున నిలబడి పడవ చిన్నదవుతూ వానలో కలిసిపోవడం చూశాను. కొంతసేపటికి అది మళ్ళీ పెద్దదవుతూ కనబడింది. అప్పుడే చేర్చి వచ్చేశారని గంతులేశాను. దగ్గరికొచ్చాక తెలిసింది, మోటారు చప్పుడు లేదు. పోలయ్య తెడ్డు వేస్తున్నాడు. నాయన చేతులతో నీళ్ళు తోడిపోస్తున్నాడు. అత్త నడుము దాకా నీళ్ళలో ఉంది. అవ్వ ఆమె తలను పైకెత్తి పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా ఏదో గొణుగుతోంది.

మర్నాడు మధ్యాహ్నం పోటు తగ్గాక తెప్పలు జతకట్టి దాటించారు. అత్త బతికింది. బిడ్డ బతకలేదు.

తిరిగొచ్చిన నాయన ముందు పలకను మరలు విప్పే ఓపిక కూడా లేక గునపంతో పెకలించాడు. కింద తడిసిన పసుపుగుడ్డ. దాని చుట్టూ తెల్లటి పొడి, పేలిపోయిన సున్నంలాగా. గుడ్డ ఎత్తితే వేలు పట్టేంత చిల్లు, అందులోంచి కింద ఇసుక. కాణీ మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని అవ్వ మొహం ముందు పట్టుకుని, పాళెమంతా వినేట్టు, "నీ కూతురి బిడ్డను నువ్వే మింగినావు" అన్నాడు.

అవ్వ ఆ చిల్లులో వేలు పెట్టి చూసింది.

"రాగి దీన్ని తింటదని నాకేం తెలుసురా? ముక్కుకు కట్టుకుంటానంటే నవ్వితివి. నవ్వుతావనే గదా దాచిపెట్టినా" అంది.

దేవుడు లేడని వందసార్లు చెప్పిన నాయన, ఉప్పునీళ్ళలో రాగి తగిలితే అల్యూమినియం కరుగుతుందని ఒక్కసారి చెప్పలేదు. పుస్తకంలో చదివాడు, బోల్టు విసిరేశాడు, కారణం తనదగ్గరే ఉంచుకున్నాడు. అవ్వ ఆ తరవాత నాలుగేళ్ళు బతికింది. కొడుకుతో మాట్లాడలేదు. పోయేదాకా చెలమ నీళ్ళు మాత్రం మోసింది.

నేను పెద్దదాన్నై, నాయన దారే పట్టి, హేతువాదినై, ఈ కథను ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. మూఢనమ్మకం ఇనుపదంతాలతో కొరకదు, పసుపుగుడ్డలో ముద్దుగా కూర్చుని కొరుకుతుంది అని ముగిస్తే చప్పట్లు ఆగేవి కావు. నాయన నవ్విన సంగతి ఆ ఉపన్యాసాల్లో ఉండేది కాదు. నేను చూసి ఊరుకున్న సంగతి అసలే ఉండేది కాదు. ఇప్పుడు మా హేతువాద సంఘం మిత్రులు ఈ పడవను పట్నంలో మా సభా మందిరం ముందు పెడదామన్నారు. దానికి బోర్డు కూడా రాయించి పంపారు. వాక్యం నాదే.

నేను గ్రీజు పెడుతుంటే అత్త వచ్చి గడప మీద కూర్చుంది. అరవై దాటింది. తన అన్న బడిలో నేర్చుకున్న అక్షరాలతో, కూడబలుక్కుంటూ బోర్డు పైకే చదివింది: "మూఢనమ్మకం చేసిన చిల్లు ఇదే. చూడండి, ఆలోచించండి."

"ఇది మా అమ్మ గురించేనామే?"

"అవ్వ గురించి కాదత్తా, నమ్మకం గురించి" అన్నాను. సభల్లో బాగా పనికొచ్చిన జవాబు అది.

"నమ్మకానికి చేతులుంటయా? పెట్టింది అమ్మే గదా." బోర్డును పక్కన పెట్టి, "రాగి యెట్టా తింటదిమే? నాకు చెప్పినోళ్ళు లేరు. అమ్మోరికి నామీద కోపం వచ్చిందనే అనుకుంటా ఉండా ఇన్నాళ్ళూ" అంది.

చెయ్యి తుడుచుకుని పక్కన కూర్చున్నాను. టార్చిలైటు బ్యాటరీలో జరిగేదే పడవ అడుగునా జరుగుతుందని, తడిగుడ్డలోని ఉప్పు నీళ్ళ సాయంతో రాగి పక్కనున్న అల్యూమినియం కరిగిపోతుందని, రాగికి ఏమీ కాదని, అదే కాణీ ఎండలో గాలిలో ముక్కుకు కట్టి ఉంటే ఇంత జరిగేది కాదని చెప్పాను. టీ ఆరేంత సేపు కూడా పట్టలేదు.

"ఇంతేనా?" అంది అత్త. "ఈ సంగతి మా అన్నకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి అది రాయలేదే ఈడ?"

మా పాళెం ఇప్పుడు లేదు. తుఫానుకు కొంతా, మనుషుల చేతుల్లో కొంతా తిన్నె తరిగిపోయింది. చెలమలున్న చోట రొయ్యల చెరువులు, తోపు ఉన్న చోట కరెంటు స్తంభాలు. తెప్పలు కట్టేవాళ్ళు లేరు. ఏటి మీద వంతెన ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. రేవులో ఉన్నవన్నీ ఫైబరు పడవలు. రాగి కట్టినా ఇత్తడి కట్టినా వాటికేమీ కాదు. నేను అత్తకు చెప్పిన నాలుగు ముక్కలూ ఇవాళ ఈ తీరంలో ఎవరికీ అక్కర్లేదు. అక్కరున్న ఒక్క మనిషికి, అవ్వకు, అప్పుడు చెప్పేవాళ్ళు లేకపోయారు.

మిత్రులకు ఫోను చేసి, పడవను లాక్కుపోయే జీపు పంపొద్దని, ఆ బోర్డు అబద్ధమని చెప్పాను. ఎందుకని అడిగారు. మొదటినుంచీ చెప్పాను: బోల్టు సంగతి, నాయన నవ్వు, నా నవ్వు, నేను అందించిన మరలు. స్పీకరు పెట్టుకుని అందరూ ఓపిగ్గా విన్నారు. చివర్లో ఒకాయన, "అయితే మేడమ్, మీ అవ్వ ఎట్టకేలకు మిమ్మల్ని కూడా గెలిచిందన్నమాట" అన్నాడు.

ఫోనులో అందరూ నవ్వారు.