రెండిళ్లకూ ఒకటే నంబరు

ఎస్తేరమ్మ పామర్రులో ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఏడేళ్లు వంట చేసింది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు యేసుదాసుని చదివించడంలో ఆ వయసు దాటిపోయింది. ఆ తమ్ముడూ కరోనాలో పోయాడు. రిటైరయ్యాక గుడివాడ శివార్లలో, మురుగుకాలవ పక్కన వేసిన ప్లాట్లలో రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. ఆ వీధికి పేరు లేదు. ఆమెదిగాక మూడిళ్లున్నాయి. రెండింటికి తాళాలు. మూడో ఇంటి భార్యాభర్తలు పొద్దున్నే విజయవాడ రైలెక్కితే చీకటిపడ్డాకే రావడం. నూట ఇరవై మందికి ఎసరు పెట్టిన మనిషి గుప్పెడు బియ్యం కడిగి వండుకునేది. అందులోనూ సగం కాకులకే. ఆదివారం చర్చిలో నలుగురు పలకరించేవారు. మిగతా ఆరు రోజులూ నోరు విప్పే పని ఉండేది కాదు.

ఆ ఏడాది మునిసిపాలిటీ వాళ్లు వార్డులు మళ్లీ విడదీసి, ఇళ్లకి కొత్త నంబర్లిచ్చారు. ఆమె గేటు పక్కన గోడకి నీలం రేకు బిగించారు. 31-7-12. వారం తిరక్కుండా ఒకావిడ చేతిలో కవరుతో వచ్చి, జాకెట్లు కుట్టే లహరి గారిల్లు ఇదేనా అని అడిగింది. కాదంది ఎస్తేరమ్మ. మర్నాడు ఇంకో ఇద్దరు. ఆ పై వారం మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి ఇంకొకరు. విసుగొచ్చి వార్డు సచివాలయానికి వెళ్లింది.

అక్కడ వార్డు ప్లానింగ్ చూసే వినీల కంప్యూటర్లో వెతికింది. వెనక వీధిలో లహరి ఇంటికీ అదే నంబరు పడిందని తేలింది. రేకులు కొట్టినవాళ్లు ఒకళ్లు ఈ చివర నుంచీ, ఇంకొకళ్లు ఆ చివర నుంచీ లెక్కపెట్టుకొచ్చారట. అర్జీ రాయించుకుని, ఆధార్, ఇంటిపన్ను రసీదు జిరాక్సులు తీసుకుని, మార్చాలంటే పైనుంచి ఆర్డరు రావాలని, కొన్ని నెలలు పడుతుందని చెప్పి పంపింది.

ఆ నెలల్లో జనం వస్తూనే ఉన్నారు. ఎండన పడి వచ్చిన వాళ్లని గేటు దగ్గర నిలబెట్టి దారి చెప్పడం బాగోదని వరండాలో రెండు కుర్చీలు వేసింది. కుండలో నీళ్లు పోసి పెట్టింది. పెదపారుపూడి నుంచి వచ్చిన ఒకావిడ వాన తగ్గేదాకా కూర్చుని, అత్తగారి మోకాళ్ల ఆపరేషన్ సంగతంతా చెప్పింది. బందరులో చేపల వ్యాపారం చేసే కనకరత్నం, కూతురి పెళ్లి జాకెట్లకని మూడుసార్లు వచ్చింది. రెండోసారికే ఆవిడకి దారి తెలుసు. అయినా మూడోసారీ ముందు ఇక్కడే ఆగి, పులిహోర తిని, "నీ చేతి వంట ఇంటికెళ్లాక కూడా గుర్తొస్తందక్కా" అంది. ఎస్తేరమ్మ పొద్దున్నే చీర మార్చుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

మాఘమాసంలో వినీల ఒక మనిషినీ, డ్రిల్లింగ్ మిషన్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఆర్డరొచ్చిందని, ఇక ఇబ్బంది ఉండదని సంతోషంగా చెప్పింది. ఎస్తేరమ్మ గేటు తీయకుండా నిలబడింది.

"దీన్నిలా ఉంచేయకూడదా అమ్మా?"

"మీరే కదండీ అర్జీ పెట్టారు?"

"అప్పుడు పెట్టానమ్మా."

రేపు ఒంట్లో బాగోక 108కి ఫోన్ చేస్తే బండి వెనక వీధికి పోతుందండీ అని వినీల మెల్లగా చెప్పింది. అది నిజమే. ఎస్తేరమ్మ గేటు తీసింది. కొత్త రేకు మీద 31-7-19 అని ఉంది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. కనకరత్నం కూతురి పెళ్లి అయిపోయి ఉంటుంది. పిలుస్తానంది, ఫోన్ నంబరు తీసుకోవడం ఇద్దరికీ తట్టలేదు. నెల గడిచాక ఎస్తేరమ్మ కుర్చీలు లోపల పెట్టేసింది.

ఒక సోమవారం, బీరువాలో మడత విప్పని చీర ఒకటి తీసుకుని వెనక వీధికి వెళ్లింది. లహరి వరండాలో నలుగురు ఆడవాళ్లున్నారు. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. తన వంతు వచ్చాక, మీ నంబరు కొన్నాళ్లు మా ఇంటికుండేదమ్మా అని చెప్పింది.

"మీరేనాండీ? మంచినీళ్లిచ్చి పంపారని అందరూ చెప్పేవారు," అంది లహరి. ఇంకేదో అనబోతుండగా ఎవరో జాకెట్ బిగుతైందని లోపలికొచ్చారు. లహరి గబగబా ఎస్తేరమ్మ కొలతలు తీసుకుని, జాకెట్ శుక్రవారానికి ఇస్తానంది.

"తొందరేం లేదమ్మా. ఆలస్యమైనా పర్లేదు."

శుక్రవారం వెళ్తే అవలేదు. కూర్చోండి అని స్టూలు వేసింది లహరి. ఎస్తేరమ్మ గంటసేపు కూర్చుని, వచ్చేపోయే వాళ్ల మాటలు విని వచ్చింది. మళ్లీ మంగళవారం వెళ్లింది. అప్పుడూ అవలేదు.