లెక్కల మాస్టారి దారం

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో నాతో పనిచేసిన లెక్కల మాస్టారి జేబులో ఎప్పుడూ దారం ఉండేది. గుండ్రటిది ఏది కనిపించినా చుట్టూ దారం చుట్టి, అదే దారాన్ని దాని మీద అడ్డంగా పరిచేవారు. “మూడుసార్లు పరిచినా ఇంకాస్త మిగులుతుందండీ. ఆ కాస్తకే అంతు లేదు!” అని మురిసిపోయేవారు.

ఏటా జులై ఇరవై రెండున, తేదీ 22/7 కాబట్టి, ‘పై’ పుట్టినరోజని లడ్డూలు పంచేవారు. ఆ ఏడాది మా ఓనర్ లడ్డూ నములుతూనే అన్నాడు: “సార్, పోరగాళ్లంతా జావా కోర్సుకే పోతున్నరు. రేపటి సంది లెక్కల బ్యాచ్ బంద్. జర ఏమనుకోకుండ్రి.”

మాస్టారు తలూపారు. లడ్డూల డబ్బా మళ్లీ ఓనర్ ముందుకే చాపారు.

“ఇంకోటి తీసుకోండి.”

ఓనర్ తీసుకున్నాడు. నా చేతిలోని లడ్డూ తినలేక, తిరిగి డబ్బాలో పెట్టలేక, నేనలాగే నిలబడిపోయాను.